పది డాలర్ల ప్రకటన: అమెరికా తొలి పత్రికల్లో 'ప్రజలు' ఎవరు?

1796 మే నెలాఖరున అమెరికాలోని ఫిలడెల్ఫియా పత్రికల్లో ఒక చిన్న ప్రకటన అచ్చయింది. అధ్యక్షుడి ఇంటి నుంచి ఓనీ జడ్జ్ అనే యువతి పారిపోయిందని అందులో ఉంది. వయసు ఇరవై ఏళ్లు ఉంటుందనీ, ముఖం మీద చిన్న చిన్న మచ్చలు, బాగా నల్లటి కళ్లు, ఒత్తయిన జుట్టు ఉంటాయనీ, మంచి బట్టలు చాలా జతలు ఆమె దగ్గర ఉన్నాయనీ ఆనవాళ్లు చెప్పారు. పట్టి ఇచ్చినవారికి పది డాలర్ల బహుమతి. ఇంకో మాట కూడా ఉంది. ఆమె వెళ్లిపోతుందని ఎవరూ అనుకోలేదట, వెళ్లిపోవడానికి కారణం కూడా ఏమీ లేదట.

ఆ అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్. ఆమె ఆయన భార్య మార్తాకు సేవ చేసే బానిస. ప్రకటన వేయించింది ఇంటి వ్యవహారాలు చూసే ఉద్యోగి.

అదే ఏడాది సెప్టెంబర్ 19న, అదే నగరంలోని ఒక దినపత్రికలో వాషింగ్టన్ వీడ్కోలు సందేశం వచ్చింది. అది సభలో చేసిన ప్రసంగం కాదు. మిత్రులను, తోటి పౌరులను ఉద్దేశించి పత్రిక ద్వారా రాసిన లేఖ. ప్రభుత్వ నిర్మాణం ప్రజాభిప్రాయానికి బలం ఇస్తున్నకొద్దీ ఆ ప్రజాభిప్రాయం జ్ఞానంతో వెలగాలని ఆయన అందులో చెప్పారు.

ఈ రెండింటి మధ్య నాలుగు నెలలు కూడా లేవు. ఒకే నగరం, ఒకే ఇల్లు. ఒకచోట పత్రిక మనుషులతో మాట్లాడుతోంది. మరోచోట ఒక మనిషి గురించి మాట్లాడుతోంది. ఎవరితో మాట్లాడారో వాళ్లు ప్రజలు. ఎవరి గురించి మాట్లాడారో వాళ్లు సరుకు, సమస్య, లేదా వార్త.

2026 జులై 4తో అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు 250 ఏళ్లు. ఈ సందర్భంలో 'స్వేచ్ఛా పత్రికలే ప్రజాస్వామ్యాన్ని పెంచాయి' అన్న మాట మనం చాలాసార్లు వింటాం. జర్నలిజం, రాజనీతిశాస్త్రం చదివే మన విద్యార్థులు దాన్ని పరీక్షల్లో రాస్తూనే ఉన్నారు. ఆ మాట అబద్ధం కాదు. కానీ సగమే నిజం. మిగతా సగం ఏమిటో తెలుసుకుంటే తప్ప పత్రికా స్వేచ్ఛ గురించి మన దగ్గర జరిగే చర్చ కూడా మనకు పూర్తిగా అర్థం కాదు.

అచ్చు యంత్రం ఎవరి డబ్బుతో తిరిగింది?

అమెరికా వలసల్లో నిలదొక్కుకున్న మొదటి పత్రిక బోస్టన్ న్యూస్ లెటర్. 1704 ఏప్రిల్‌లో మొదలైంది. మొదలైన ఏడాదే అందులో బానిసల అమ్మకం ప్రకటన వచ్చింది. అంటే అక్కడ వార్తాపత్రికకూ బానిసల ప్రకటనకూ వయసు దాదాపు ఒకటే.

ఆ రోజుల్లో పత్రిక నడపడం లాభసాటి పని కాదు. చందాదారులు చందా ఎగ్గొట్టేవారు. ముద్రాపకుడే సంపాదకుడు, ముద్రాపకుడే వ్యాపారి. ప్రకటనలు, ప్రభుత్వ కాగితాల ముద్రణ దొరికితేనే దుకాణం నిలబడేది. ఆ ప్రకటనల్లో ఓడల రాకపోకలు, భూముల అమ్మకాలు, కొత్త సరుకులతో పాటు మనుషులూ ఉండేవారు. కొన్ని ప్రకటనల్లో యజమాని పేరు ఉండదు, వివరాలకు ముద్రాపకుడిని అడగండి అని మాత్రం ఉంటుంది. దీని అర్థం ఏమిటి? సంపాదకుడు బేరం కుదిర్చే దళారి కూడా.

బెంజమిన్ ఫ్రాంక్లిన్‌నే తీసుకుందాం. 1729లో పెన్సిల్వేనియా గెజెట్‌ను కొని దాన్ని ఆ కాలంలో పేరున్న పత్రికగా మార్చాడు. అందులో బానిసల అమ్మకం ప్రకటనలు, పారిపోయినవారి కోసం వెతుకులాట ప్రకటనలు ఏళ్ల తరబడి వచ్చాయి. అదే ఫ్రాంక్లిన్ జీవితం చివరలో బానిసత్వ నిర్మూలన సంఘానికి అధ్యక్షుడయ్యాడు. 1790 ఫిబ్రవరిలో ఆ సంఘం తరఫున కాంగ్రెస్‌కు విన్నపం పంపాడు. చనిపోవడానికి నెల ముందు కూడా, సభలో బానిసత్వాన్ని సమర్థించిన ఒక సభ్యుడిని ఎగతాళి చేస్తూ పత్రికలో రాశాడు. ఆ మార్పును మనం గౌరవించాలి. అయితే మనిషి మనసు మారినంత మాత్రాన, ఆ వ్యాపారం అన్నేళ్లు నడిచిన డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న పోదు.

1765లో బ్రిటిష్ ప్రభుత్వం స్టాంపు చట్టం తెచ్చి పత్రికల మీద పన్ను వేసినప్పుడు ముద్రాపకులు ఒక్కటై ఎదిరించారు. మరుసటి ఏడాది ఆ చట్టం రద్దయింది. వలసల్లో పత్రికల బలం తెలిసిన సందర్భం అది. అప్పుడు వాళ్లు పదే పదే వాడిన మాట ఒకటుంది: బ్రిటన్ మమ్మల్ని బానిసలుగా చేస్తోంది అని. అలా రాసిన పత్రికల్లోనే నిజమైన బానిసల ప్రకటనలు ఉన్నాయి. బానిసత్వం అన్న మాట వాళ్లకు ఉపమానం. పక్క పేజీలో ఉన్న మనిషికి అది బతుకు.

ఇంకో సంగతి కూడా గమనించాలి. పారిపోయినవారి ప్రకటనలను ఇవాళ చరిత్రకారులు తిరగేసి చదువుతున్నారు. ఫలానా అతను చదవగలడు, రాయగలడు, దొంగ అనుమతి పత్రం రాసుకుని ఉండొచ్చు అని యజమానులు హెచ్చరించేవారు. రెండు మూడు భాషలు వచ్చని, వడ్రంగం తెలుసని, ఫలానా ఊళ్లో ఉన్న భార్య కోసం వెళ్లి ఉంటాడని రాసేవారు. పట్టుకోవడానికి రాసిన ఆనవాళ్లే ఆ మనుషుల తెలివికీ ప్రేమకూ తెగువకూ రుజువులుగా మిగిలాయి. మన మీద రాసిన కాగితాలను మనం ఎలా చదవాలో ఇది నేర్పుతుంది.

మాడిసన్ అచ్చు వేయని మాట

కొత్త రాజ్యాంగం కోసం జరిగిన పోరు కూడా పత్రికల్లోనే జరిగింది. 1787 అక్టోబర్ నుంచి న్యూయార్క్ పత్రికల్లో 'పబ్లియస్' అనే కలం పేరుతో వ్యాసాలు వచ్చాయి. మొత్తం 85. రాసినవాళ్లు అలెగ్జాండర్ హామిల్టన్, జేమ్స్ మాడిసన్, జాన్ జే. వీటినే ఫెడరలిస్ట్ వ్యాసాలు అంటాం. అందులో 54వ వ్యాసం, బానిసల సంఖ్యలో ఐదింట మూడు వంతులను జనాభా లెక్కలో కలపడాన్ని సమర్థించేది. బానిస కొంత మనిషి, కొంత ఆస్తి అన్నది దాని వాదన సారం. ఓటు లేదు, మాట లేదు, దేహం కూడా తనది కాదు. కానీ ఆ దేహాన్ని లెక్కపెట్టి దక్షిణాది యజమానులకు కాంగ్రెస్‌లో సీట్లు పెంచారు.

వాషింగ్టన్ ప్రభుత్వం ఏర్పడ్డాక ఆయన మంత్రివర్గం రెండుగా చీలింది. పత్రికలూ చీలాయి. 1789లో జాన్ ఫెనో మొదలుపెట్టిన గెజెట్ ఆఫ్ ది యునైటెడ్ స్టేట్స్ హామిల్టన్ పక్షం. దానికి పోటీగా 1791 అక్టోబర్ 31న ఫిలిప్ ఫ్రెనో సంపాదకుడిగా నేషనల్ గెజెట్ వచ్చింది. ఇది జెఫర్సన్, మాడిసన్‌ల పక్షం. ఫ్రెనోకు జెఫర్సన్ తన శాఖలో ఏడాదికి 250 డాలర్ల జీతంతో అనువాదకుడి ఉద్యోగం ఇచ్చాడు. పగలు ప్రభుత్వ ఉద్యోగం, పత్రికలో ప్రభుత్వం మీద దాడి. పార్టీ పుట్టకముందే పార్టీ పత్రిక పుట్టిందని చెప్పవచ్చు.

ఈ పత్రికలను దేశమంతా తిప్పింది తపాలా. 1792 తపాలా చట్టం ప్రకారం ఒక ఉత్తరానికి దూరాన్ని బట్టి 6 నుంచి 25 సెంట్లు పడితే, పత్రికకు వంద మైళ్ల లోపు ఒక్క సెంటు, ఆ పైన ఒకటిన్నర సెంటు. సంపాదకులు ఒకరికొకరు పంపుకునే పత్రికలకు అసలు రుసుమే లేదు. ఒక ఊరి పత్రికలో వచ్చింది పది ఊళ్ల పత్రికల్లో మళ్లీ అచ్చయ్యేది. 1790లో వందలోపు ఉన్న పత్రికలు 1800 నాటికి రెండు వందలు దాటాయి. ప్రభుత్వ జోక్యం లేని స్వేచ్ఛా మార్కెట్ ఆ పత్రికలను పెంచిందని కొందరు అంటారు. నిజానికి వాటిని పెంచింది ప్రభుత్వం ఇచ్చిన రాయితీ.

నేషనల్ గెజెట్‌లో మాడిసన్ వరసగా వ్యాసాలు రాశాడు. 1791 డిసెంబర్ 19న వచ్చిన వ్యాసం పేరే 'ప్రజాభిప్రాయం'. ప్రతి ప్రభుత్వానికీ హద్దు గీసేది ప్రజాభిప్రాయమేనని, స్వేచ్ఛ ఉన్న ప్రతి దేశంలోనూ అసలైన ఏలిక అదేనని ఆయన అన్నాడు. మంచి రోడ్లు, వ్యాపారం, స్వేచ్ఛా పత్రికలు, ముఖ్యంగా ప్రజలందరి మధ్యా తిరిగే వార్తాపత్రికలు పెద్ద దేశాన్ని కూడా చిన్నదిగా చేస్తాయని వివరించాడు. ఇవాళ మీడియా పాఠాల్లో మనకు చెప్పేది దాదాపు ఇదే.

అయితే ఆ వ్యాసాల కోసం మాడిసన్ రాసుకున్న నోట్సు కూడా మిగిలింది. అందులో బానిసత్వం గురించి ఒక భాగం ఉంది. ఏ రాష్ట్రంలో బానిసత్వం ఎంత ఎక్కువగా ఉంటే, అక్కడి ప్రభుత్వం పేరుకు ఎంత ప్రజాస్వామ్యమైనా, నిజానికి అంత కులీనుల పాలన అవుతుందని ఆయనే రాసుకున్నాడు. తన సొంత రాష్ట్రం వర్జీనియా లెక్కలు కూడా అందులో చర్చించాడు. ఆ భాగం పత్రికకు చేరలేదు. ప్రజాభిప్రాయమే ఏలిక అన్న మాట అచ్చయింది. ఆ ప్రజల్లో ఎవరు లేరో చెప్పే మాట సొరుగులో ఉండిపోయింది.

దీన్ని ఒక మనిషి కపటంగా మాత్రమే చూస్తే పొరపాటు. బానిసల యజమాని అయిన రచయిత, బానిసల యజమానులు చదివే పత్రిక, వాళ్ల మద్దతుతో నిలబడాల్సిన పక్షం. ఈ మూడూ కలిసినచోట సెన్సారు అధికారి అవసరమే లేదు. తెలిసిన నిజాన్ని రాయకుండా ఆపేది ఎప్పుడూ చట్టమే కాదు. పాఠకుడు ఎవరన్న లెక్క కూడా ఆపుతుంది.

జైలుకు వెళ్లిన సంపాదకులు, నోరు లేని మనుషులు

1798లో అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ కాలంలో రాజద్రోహ చట్టం వచ్చింది. ప్రభుత్వాన్ని, కాంగ్రెస్‌ను, అధ్యక్షుడిని కించపరిచేలా దురుద్దేశంతో అబద్ధాలు రాస్తే రెండేళ్ల దాకా జైలు, రెండు వేల డాలర్ల దాకా జరిమానా. ప్రతిపక్షంలో ఉన్న ఉపాధ్యక్షుడు జెఫర్సన్‌కు మాత్రం ఆ రక్షణ లేదు. చట్టం ఎవరి కోసం వచ్చిందో దీన్నిబట్టే తెలుస్తుంది. వెర్మాంట్ నుంచి కాంగ్రెస్ సభ్యుడైన మాథ్యూ లయన్‌కు నాలుగు నెలల జైలు, వెయ్యి డాలర్ల జరిమానా పడ్డాయి. జైల్లో ఉండగానే ఓటర్లు ఆయన్ను మళ్లీ గెలిపించారు. జెఫర్సన్ పక్షం పత్రికలు తగ్గలేదు, మరింత పెరిగాయి. 1800 ఎన్నికల్లో ఆడమ్స్ ఓడిపోయాడు. 1801 మార్చిలో చట్టం గడువు ముగిసింది.

ఇది నిజమైన పోరాటం, నిజమైన గెలుపు. ఉపా కేసులు, రాజద్రోహం కేసులు చూసిన మనం దాన్ని తక్కువ చేసి మాట్లాడలేం. కానీ ఆ ఎన్నికల లెక్క కూడా చూడాలి. జెఫర్సన్‌కు 73 ఎలక్టోరల్ ఓట్లు, ఆడమ్స్‌కు 65. ఐదింట మూడు వంతుల నిబంధన వల్ల దక్షిణాదికి అదనంగా వచ్చిన ఓట్లు తీసేస్తే ఫలితం తారుమారయ్యేదని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. ఓడిన ఫెడరలిస్టుల పత్రికలు అప్పుడే ఈ సంగతి ఎత్తిపొడిచాయి. అయితే వాళ్ల బాధ బానిసల గురించి కాదు, పోయిన ఓట్ల గురించి. రెండు పక్షాల చేతుల్లోనూ నల్లజాతి మనిషి ఒక ఆయుధమే.

దీనికి అన్నిటికంటే చేదైన ఉదాహరణ శాలీ హెమింగ్స్. రాజద్రోహ చట్టం కింద తొమ్మిది నెలలు జైల్లో ఉన్న జేమ్స్ క్యాలెండర్ ఒకప్పుడు జెఫర్సన్ డబ్బు ఇచ్చి ప్రోత్సహించిన రచయిత. జైలు నుంచి వచ్చాక రిచ్‌మండ్‌లో పోస్ట్‌మాస్టర్ ఉద్యోగం అడిగాడు. జెఫర్సన్ ఇవ్వలేదు. 1802 సెప్టెంబర్‌లో క్యాలెండర్ రిచ్‌మండ్ రికార్డర్‌లో, జెఫర్సన్‌కు తన బానిస శాలీ వల్ల పిల్లలున్నారని రాశాడు. ఫెడరలిస్టుల పత్రికలు ఆ వార్తను ఆనందంగా అందుకున్నాయి. ఆమె మీద ఎగతాళి పాటలు కట్టాయి, ఆమె రంగును వెక్కిరించాయి. జెఫర్సన్‌ను దెబ్బ తీయడానికి ఆమె ఒంటిని వాడుకున్నారు. యజమానికి ఎదురుచెప్పే హక్కే లేని ఒక స్త్రీకి జరిగింది ఏమిటన్న ప్రశ్నకు ఆ పత్రికల్లో చోటు లేదు. ఆమెను అడిగినవాళ్లూ లేరు.

ఆమె కొడుకు మాడిసన్ హెమింగ్స్ తన తల్లి కథను తన నోటితో చెప్పింది 1873లో, ఒహాయోలోని ఒక చిన్న పత్రికకు. మధ్యలో 71 ఏళ్లు గడిచాయి. ఆ తర్వాత కూడా వందేళ్లకు పైగా పండితులు ఆయన మాటను నమ్మలేదు. 1998లో డీఎన్‌ఏ పరీక్ష ఫలితాలు వచ్చాకే ఎక్కువమంది ఒప్పుకున్నారు. బాధితుల వాంగ్మూలం చాలదు, పై నుంచి ఎవరో ధ్రువీకరించాలి అన్న అలవాటు మనకు కొత్త కాదు.

తపాలా సంచి ముట్టుకోవద్దు

శాలీ పేరు పత్రికలకెక్కిన 1802లోనే కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. తపాలా మోసే పని స్వేచ్ఛ గల తెల్లవారికి తప్ప మరెవరికీ ఇవ్వకూడదు. అంతకుముందు దక్షిణాదిలో కొన్నిచోట్ల బానిసలు తపాలా సంచులు మోసేవారు. ఆ పని ఎందుకు ఆపాలో పోస్ట్‌మాస్టర్ జనరల్ గిడియన్ గ్రాంజర్ జార్జియా సెనేటర్‌కు రాసిన లేఖలో దాచుకోకుండా చెప్పాడు. శాన్ డొమింగోలో, అంటే నేటి హైతీలో, బానిసలు తిరగబడి గెలుస్తున్న రోజులవి. తపాలా మోసేవాళ్లు రోజూ ఊళ్లు తిరుగుతారు, మనుషులను కలుస్తారు, వార్తలు తెలుసుకుంటారు, తమలో తాము కలుసుకుంటారు. మనిషి హక్కులు చర్మం రంగును బట్టి ఉండవని గ్రహిస్తారు. చివరికి తమవాళ్లకు పంతుళ్లవుతారు. ఇదీ ఆయన భయం. ఆ నిషేధం 1865 దాకా చట్టంలో ఉంది.

ఈ లేఖ చదివినప్పుడు మనకు మన ఊళ్లు గుర్తుకు రాకుండా ఉండవు. ఊరికి చాటింపు వేసింది మనవాళ్లే. డప్పు మనది, నడక మనది, గొంతు మనది. మాట మాత్రం ఊరి పెద్దలది. చావు కబురు మైళ్ల దూరం మోసుకెళ్లే వెట్టి కూడా మనదే. అక్కడ వార్త తెలిస్తే తిరగబడతారని మోసే పని నుంచి తీసేశారు. ఇక్కడ మోసే పనిలోనే కట్టేసి, చదువుకు దూరం పెట్టారు. రెండుచోట్లా భయం ఒకటే: వార్తను మోసేవాడు దాని అర్థం తెలుసుకుని తన మాట తను చెప్పడం మొదలుపెడితే ఏమవుతుంది?

తమ మాట తామే అచ్చువేసుకున్నరోజు

అది 1827 మార్చి 16న జరిగింది. శామ్యూల్ కార్నిష్, జాన్ రస్‌వర్మ్ అనే ఇద్దరు నల్లజాతి యువకులు న్యూయార్క్‌లో ఫ్రీడమ్స్ జర్నల్ అనే వారపత్రిక తెచ్చారు. నల్లవారే సొంతంగా నడిపిన తొలి పత్రిక అది. ఏడాది చందా మూడు డాలర్లు. ఇన్నాళ్లూ మా తరఫున వేరేవాళ్లు మాట్లాడారు, మా వాదన ఇక మేమే వినిపిస్తాం అన్నది తొలి సంపాదకీయం సారం. అప్పటి న్యూయార్క్ పత్రికల్లో నల్లవారి మీద వెక్కిరింతలు సాధారణం. నల్లవారి మంచి కోరుతున్నామని చెప్పి వాళ్లను ఆఫ్రికాకు పంపేయాలన్న పెద్దమనుషులూ ఉన్నారు. ఆ పత్రిక ఇద్దరికీ జవాబు చెప్పింది.

ఆ రోజుల రాజకీయం కూడా చూడండి. న్యూయార్క్ రాష్ట్రం 1821లో కొత్త రాజ్యాంగం రాసుకుంది. తెల్ల మగవాళ్ల ఓటుకు ఆస్తి నిబంధన ఎత్తేసే దారి వేసింది. నల్ల మగవాళ్లకు మాత్రం 250 డాలర్ల ఆస్తి ఉండాలని షరతు పెట్టింది. సామాన్యుడి ప్రజాస్వామ్యం అని చరిత్ర పుస్తకాలు పొగిడే మార్పు ఇదే. ఓటు పరిధి పెరిగినప్పుడే గీత మరింత గట్టిగా గీశారు.

ఫ్రీడమ్స్ జర్నల్ రెండేళ్లే నడిచింది. కానీ దానికి చందాలు కట్టించిన ఏజెంట్ల వల ఊరూరా మిగిలింది. బోస్టన్ ఏజెంట్లలో ఒకరు డేవిడ్ వాకర్, ఓడరేవు దగ్గర పాత బట్టల వ్యాపారి. 1829లో ఆయన బానిసత్వం మీద నిప్పులు చెరిగే చిన్న పుస్తకం అచ్చువేసి, నావికుల చేతుల మీదుగా దక్షిణాదికి చేర్చాడు. దక్షిణాది ప్రభుత్వాలు వణికిపోయాయి. అలాంటి పుస్తకాలు తెస్తే కఠిన శిక్షలు పెట్టాయి. నల్లవారికి చదువు చెప్పడమే నేరంగా చట్టాలు చేశాయి. 1831లో విలియం లాయిడ్ గారిసన్ అనే తెల్ల సంపాదకుడు బోస్టన్‌లో లిబరేటర్ మొదలుపెడితే, తొలి ఏళ్లలో దాన్ని బతికించిన చందాదారుల్లో ఎక్కువమంది నల్లవారే. కూలి డబ్బుల్లోంచి చందా కట్టినవాళ్లు వాళ్లలో ఉన్నారు. ఆ సంగతి చరిత్రలో గారిసన్ పేరంత పెద్ద అక్షరాల్లో ఉండదు.

1835 జులైలో బానిసత్వ వ్యతిరేక పత్రికలు తపాలాలో చార్లెస్టన్‌కు చేరాయి. ఒక గుంపు పోస్టాఫీసులోకి చొరబడి ఆ కట్టలను ఎత్తుకెళ్లి తగలబెట్టింది. అప్పటి పోస్ట్‌మాస్టర్ జనరల్ ఏమోస్ కెండాల్ ఒకప్పుడు స్వయంగా పత్రికా సంపాదకుడు, పత్రికల బలంతోనే ఆండ్రూ జాక్సన్ పక్కన ఎదిగినవాడు. ఆయన ఏమన్నాడు? చట్టం పట్ల మనకు బాధ్యత ఉంది, మనం బతుకుతున్న సమాజం పట్ల అంతకంటే పెద్ద బాధ్యత ఉంది అన్నాడు. తపాలా ఆపిన ఉద్యోగిని తప్పుపట్టలేదు. సమాజం మనోభావాలు అన్న సాకు ఎంత పాతదో చూడండి. ఆ సమాజంలో చార్లెస్టన్ నల్లవారు లేరు, ఆ మనోభావాల్లో వాళ్ల మనోభావాలు లేవు. మరుసటి ఏడాది ప్రతినిధుల సభ బానిసత్వం మీద వచ్చే విన్నపాలను చర్చకే రానివ్వకుండా నిబంధన పెట్టుకుంది. 1844 దాకా అది కొనసాగింది. 1837లో ఇల్లినాయిస్‌లోని ఆల్టన్‌లో ఎలైజా లవ్‌జాయ్ అనే తెల్ల సంపాదకుడు తన అచ్చు యంత్రాన్ని కాపాడుకుంటూ గుంపు తుపాకులకు బలయ్యాడు.

ఈ దేశానికి 1791 నుంచీ పత్రికా స్వేచ్ఛను కాపాడే మొదటి రాజ్యాంగ సవరణ ఉంది. కాగితం మీద హక్కు చెక్కుచెదరలేదు. తపాలా సంచి మాత్రం కాలిపోయింది.

మనకు ఇందులో పనేమిటి?

మాడిసన్ హెమింగ్స్ తన కథ చెప్పిన 1873లోనే మహాత్మా ఫూలే 'గులాంగిరి' వెలువరించారు. బానిసత్వాన్ని నిర్మూలించినందుకు అమెరికా ప్రజలకు ఆ పుస్తకాన్ని అంకితం ఇచ్చారు. ఆ పోరాటాన్ని దూరం నుంచి గమనించి, మన పోరాటంతో ముడివేసింది మన పెద్దలే. 1913 నుంచి మూడేళ్లు న్యూయార్క్‌లో చదివిన బాబాసాహెబ్ అంబేడ్కర్ 1920 జనవరి 31న 'మూక్‌నాయక్' ప్రారంభించారు. మూగవారి నాయకుడు అని అర్థం. డబ్బు ఇస్తామన్నా 'కేసరి' ఆ పత్రిక ప్రకటన వేయలేదని ఆయన జీవిత చరిత్రకారులు రాశారు. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ 'భాగ్యనగర్ పత్రిక' నడిపారు. కుసుమ ధర్మన్న 'జయభేరి' తెచ్చారు. తర్వాతి కాలంలో బొజ్జా తారకం 'నలుపు' నడిపారు. ఈ పేర్లు తెలుగు జర్నలిజం చరిత్రలో పక్క అధ్యాయాలు కావు. ప్రజాభిప్రాయం అన్న మాటలో మిగతా ప్రజలను చేర్చిన అధ్యాయాలు.

1996లో వాషింగ్టన్ పోస్ట్ ఢిల్లీ ప్రతినిధిగా ఉన్న కెన్నెత్ కూపర్, స్వయంగా నల్లజాతి అమెరికన్, సీనియర్ పాత్రికేయుడు బి.ఎన్. ఉనియాల్‌ను ఒక దళిత జర్నలిస్టు పేరు చెప్పమని అడిగారు. ఉనియాల్ ఊరంతా వెతికి, ముప్పై ఏళ్ల వృత్తిలో ఒక్కరినీ కలవలేదని గుర్తించి, పయనీర్ పత్రికలో రాశారు. ఇరవై మూడేళ్ల తర్వాత 2019లో ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ చేసిన అధ్యయనంలో వార్తాసంస్థల్లోని 121 నాయకత్వ స్థానాల్లో 106 అగ్రకులాల చేతుల్లో ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీలు ఒక్కరూ లేరు.

అందుకే పత్రికా స్వేచ్ఛ సూచీలో దేశం ర్యాంకు ఎంత అని అడగడంతో మన పని అయిపోదు. అమెరికా తొలి పత్రికల చరిత్ర మనకు నాలుగు ప్రశ్నలు ఇస్తుంది. పత్రిక ఎవరితో మాట్లాడుతోంది, ఎవరి గురించి మాట్లాడుతోంది? దాన్ని నడిపే డబ్బు ఎవరిది? అది ఇంటింటికీ చేరే దారి ఎవరి అదుపులో ఉంది? తెలిసి కూడా అచ్చు వేయని మాట ఏది? ఆ రోజుల తపాలా స్థానంలో ఇవాళ కేబుల్ నెట్‌వర్కులు, ఫోన్‌లో ఏది ముందు కనిపించాలో నిర్ణయించే కంపెనీలు ఉన్నాయి. ప్రశ్నలు మాత్రం పాతబడలేదు. ఏ విద్యార్థి అయినా ఇంటికి వచ్చే దినపత్రికను ఒక నెలపాటు ఈ నాలుగు ప్రశ్నలతో చదివి చూడవచ్చు. మనవాళ్లు అందులో ఎన్నిసార్లు కనిపించారో లెక్కపెట్టడం తేలిక. ఎన్నిసార్లు మాట్లాడారో లెక్కపెట్టాలి.

ఓనీ జడ్జ్ దొరకలేదు. న్యూ హాంప్‌షైర్‌కు ఓడలో చేరింది. వాషింగ్టన్ ఆమెను వెనక్కి రప్పించడానికి రెండుసార్లు ప్రయత్నించాడు. ఆమె లొంగలేదు. పెళ్లి చేసుకుంది, చదవడం నేర్చుకుంది, పిల్లలను కన్నది, వాళ్లను పోగొట్టుకుంది, పేదరికంలో ముసలిదైంది. చట్టం దృష్టిలో చివరిదాకా బానిసే. పారిపోయిన దాదాపు యాభై ఏళ్ల తర్వాత, 1845లో ఒకసారి, 1847లో మరోసారి, బానిసత్వ వ్యతిరేక పత్రికలు ఆమె దగ్గరకు వెళ్లినవారి కథనాలు అచ్చు వేశాయి.

కారణం ఏమీ లేదన్న 1796 నాటి ప్రకటనకు జవాబు అప్పుడు దొరికింది. యజమానులు వర్జీనియా ప్రయాణానికి సామాను సర్దుతున్నారు, తనూ సర్దుకుంది. వాళ్ల ప్రయాణం వర్జీనియాకు, తన ప్రయాణం ఎక్కడికో తనకే తెలియదు. అక్కడికి తిరిగి వెళ్తే ఇక ఎప్పటికీ విముక్తి దొరకదని మాత్రం తెలుసు. తన సామాను ముందే నల్లజాతి మిత్రుల ఇంటికి చేర్చింది. వాళ్లు భోజనాలు చేస్తుండగా బయటికి నడిచింది. అంత కష్టపడి బతికావు కదా, వచ్చినందుకు బాధపడుతున్నావా అని అడిగారు. లేదు అంది. తను స్వేచ్ఛగా ఉన్నానంది.

ఆ జవాబు మొదటి నుంచీ ఆమె దగ్గరే ఉంది. దాన్ని అడిగే పత్రిక పుట్టడానికి యాభై ఏళ్లు పట్టింది.